ఆడమ్ రీస్ లెక్కల పుస్తకము

కావ్యకర్తలను గూర్చి విమర్శలు వ్రాయుట మనవారి కభ్యాసమైనది. శాస్త్రకర్తలను గూర్చియు నప్పుడప్పుడు వ్రాయుచునే యున్నారు. బడిపిల్లల చేతికి పుస్తకము నిచ్చినవారిని గూర్చి మాత్రము వ్రాయువా రరుదు. ఇది న్యాయము కాదు. కావ్యము లేని యిండ్లు పెక్కు గలవు. లెక్క లేని యిల్లు లేదు. పాలవాని పద్దు, చాకలి పద్దు, బియ్యపు ధర, అప్పుమీది వడ్డి, ఇవి పండితునకును పామరునకును సమానములే. ఈ లెక్కలను నేర్పు పుస్తక మెట్టిదో, దానిని వ్రాసినవాడు తన శిష్యుని నెట్టివానిగా నెంచెనో విచారించుట కావ్యవిచారమునకు దీసిపోవు పని కాదని మా నమ్మకము.

ఈ విచారమునకు మేము జర్మనీదేశపు బడిపంతులగు ఆడమ్ రీస్ నెన్నుకొంటిమి. ఆయన 16వ శతాబ్దమువాడు. జర్మనులు నేటికిని, ఒక లెక్క తప్పులేకుండ దేలినదని చెప్పదలచినప్పుడు, ఆడమ్ రీస్ ప్రకారము ఇంత యని చెప్పుదురు. ఒక బడిపంతులు పేరు సత్యమునకు సాక్ష్యముగా నిన్ని తరములు ప్రజల నోట నిలుచుట సామాన్యము కాదు. ఐనను గణితచరిత్రలు తిరుగవేసి చూచినచో, ఆయన పేర వెలసిన గొప్ప క్రొత్త సిద్ధాంత మొక్కటియు గానరాదు. మఱి యీ కీర్తి దేనివలన వచ్చినది? దాని కాయన యర్హుడేనా? ఇవియే మేము తేల్చుకొనదలచిన ప్రశ్నలు.

రీస్ 1492వ సంవత్సరమున ఫ్రాంకోనియా సీమలోని స్టాఫెల్‌స్టైన్ అను చిన్నయూర బుట్టెను. పుట్టినయేడు తెలియుటకు ఆధారము ఆయన పుస్తకమే. 1550లో వెలువడిన గ్రంథమునందలి చిత్తరువుతో, అప్పటి కాయన వయస్సు 58 అని వ్రాయబడియున్నది. తండ్రి యొక మర కధిపతి. 1518 నాటికి రీస్ ఎర్ఫుర్ట్ నగరమున లెక్కలబడి నడుపుచుండెను. అది విశ్వవిద్యాలయము గల నగరము. కాని రీస్ బోధించినది విద్యాలయమున గాదు. ఆ కాలమున జర్మనీ నగరములలో రెండువిధములైన బడు లుండెడివి. లాటిను బడులలో వ్యాకరణమును మతగ్రంథములును ముఖ్యములు. లెక్క కచ్చట గౌరవము తక్కువ. లెక్కలబడులలో వ్యాపారమునకు వలయు గణితమును జర్మను భాషలోనే నేర్పుచుండిరి. ఇట్టి బడిని నడుపువానిని గణనాచార్యు డనవచ్చును. పేరు గొప్పయే గాని, పండితసభలో నాయనకు పీట లేదు.

ఎర్ఫుర్ట్ నందు రీసునకు గేయోర్గ్ ష్టూర్ట్స్ అను వైద్యుని స్నేహము లభించెను. ఆ విద్వాంసుని ప్రోత్సాహమువలన ఆయన ప్రాచీన గణితగ్రంథములు పరిశీలించుట తటస్థించెను. పిమ్మట 1520ల తొలి యేండ్లలోనే సాక్సనీలోని అన్నాబెర్గ్ పట్టణమునకు మకాము మార్చి, బ్రదికినంతకాల మచ్చటనే యుండెను. ఆ పట్టణము 1496లో స్థాపింపబడినది. కొండలలో వెండి దొరకుటచే జనులు నలుదిక్కులనుండి వచ్చి చేరి, పాతికయేండ్లలో నది గొప్పనగర మయ్యెను. వెండి యున్నచోట వాటాలుండును. వాటాలున్నచోట తగవు లుండును. గనులలో నయిన వ్యయమెంత, తీసిన లోహమెంత, ఒక్కొక్క భాగస్వామికి రావలసిన దెంత, ప్రభువునకు చెల్లవలసిన దశమభాగ మెంత, అను లెక్కలు వ్రాయుటకు నమ్మదగినవాడు కావలసివచ్చెను. రీస్ బడిని నడుపుచునే యీ గనుల కొలువులలో బనిచేసెను. 1525లో అన్నా లాయ్‌బర్ అను నామెను వివాహమాడెను. కుమారులలో బలువురు తండ్రి విద్యనే యవలంబించిరి. 1559లో ఆయన మరణించెను. ఆయన నివసించిన యిల్లు అన్నాబెర్గ్ నందు నేడు ఆయన పేర వస్తుప్రదర్శనశాలగా నున్నది.

ఆయన చేసిన పని విలువ తెలియుటకు, ఆనాటి జర్మనులు లెక్క యెట్లు చేసెడివారో తెలియవలెను. వారు సంఖ్యలను వ్రాయుటకు తఱుచుగా రోమను అక్షరములను వాడుచుండిరి. ఆ యక్షరములతో సంఖ్యను వ్రాసి దాచుకొనవచ్చును గాని, గుణించుటయు భాగించుటయు దుర్ఘటము. అందుచే లెక్కను బల్లమీద బిళ్లలతో జేసి, ఫలితమును మాత్రమే రోమను అక్షరములలో వ్రాసికొనెడివారు. మఱియొక త్రోవ కలముతో చేయునది. ఒకటి మొదలు తొమ్మిది వఱకు గల అంకెలును సున్నయు దానికి సాధనములు. ఈ యంకెలు మన దేశమువి. శూన్యముతో చేయు గణనకు బ్రహ్మగుప్తుడు 628లో సూత్రములు చెప్పెను. 9వ శతాబ్దమున బాగ్దాదు పండితుడగు అల్ ఖ్వారిజ్మీ హిందూగణనమును గూర్చి గ్రంథము వ్రాసెను. 1202లో పీసా నగరమువాడగు లియోనార్డో దానిని లాటినులో విస్తరించి చెప్పెను. ఇట్లు పండితుల వఱకు వచ్చిన యీ విద్య, సామాన్యుని వాకిటికి జేరుటకు మఱి మూడువందల యేండ్లు పట్టెను.

జర్మను భాషలో లెక్కల పుస్తకము వ్రాసినవారిలో రీస్ మొదటివాడు కాడు. బాంబెర్గ్ నగరమున 1483లోనే యొకటి యచ్చుపడెను. యోహానెస్ విడ్మన్ అను నాయన 1489లో లైప్జిగ్ నందు బ్రకటించిన పుస్తకములో, నేడు మనము వాడుచున్న ధనఋణచిహ్నములు మొదటిసారి యచ్చెక్కినవి. యాకోబ్ క్యోబెల్ 1514లో బిళ్లల లెక్కనుగూర్చి వ్రాసెను గాని, ఆయన రోమను సంఖ్యలనే యాశ్రయించెను. క్రొత్త యంకెలకు సామాన్యులు వెఱతురని యాయన తలంచియుండవచ్చును. కాబట్టి రీస్ కీర్తికి కారణము ప్రాథమ్యము గాదు. కారణ మాయన పుస్తకపు టమరికలో నున్నదని మా యభిప్రాయము.

ఆయన మొదటిపుస్తకము 1518లో ఎర్ఫుర్ట్ నందు వెలువడెను. అది కేవలము గీతలమీది బిళ్లల లెక్కను పిల్లలకు నేర్పునది. 1522లో రెండవపుస్తకము వచ్చెను. దాని పేరునకు, గీతలమీదను కలముతోను చేయు గణన మని యర్థము. ఆ పేరులోనే గ్రంథకర్త పద్ధతి యంతయు నిమిడియున్నది. ఆయన పాతదానిని త్రోసివేయలేదు, క్రొత్తదానిని దాచలేదు. మొదట అంకెలను చదువ నేర్పి, పిదప గీతలమీద సంకలన వ్యవకలన గుణకార భాగహారములను చేయించి, ఆ పిమ్మట నవే పనులను కలముతో చేయించును. తెలిసిన మెట్టుమీద నిలువబెట్టి తెలియని మెట్టును చూపుట యిదియే.

ఇది యెట్లు జరుగునో యొక చిన్న ఉదాహరణముచే చూపెదము. బల్లమీద అడ్డముగా నాలుగు గీతలు గీయుడు. క్రిందిగీత ఒకట్లకు, దానిపైది పదులకు, ఆపైది నూఱులకు, ఆపైది వేలకు. రెండుగీతల నడిమి ఖాళీలోనున్న బిళ్ల, క్రిందిగీతమీది బిళ్లల కైదింటికి సమానము. గీతమీద నైదు బిళ్లలు చేరినచో వానిని దీసి పై ఖాళీలో నొకటి యుంచవలెను. ఖాళీలో రెండు చేరినచో వానిని దీసి పైగీతమీద నొకటి యుంచవలెను. ఇక 378ని 245తో కూడవలెననుకొందము. రెండు సంఖ్యలకును బిళ్లలు పేర్చినచో, ఒకట్లగీతమీద మూడు బిళ్లలుండును. ఐదుల ఖాళీలో రెండున్నవి గనుక వానిని దీసి పదులగీతమీద నొకటి యుంచుదుము. అచ్చట నంతకుముందున్న ఆఱుతో గలిసి యేడగును. అందైదింటిని దీసి యేబదుల ఖాళీలో నొకటి యుంచగా రెండు మిగులును. ఏబదుల ఖాళీలో రెండగును. వానికి బదులు నూఱులగీత కొకటి పోవును. నూఱు లాఱగును. మొత్తము 623. అంకె నొకదానినైనను కాగితముమీద వ్రాయకయే లెక్క తేలినది.

చదువరులు దీనిని పిల్లల యాటగా నెంచవచ్చును. కాని కలముతో కూడునపుడు మనము చేతిలో నొకటి యుంచుకొందు మనుచున్నామే, ఆ యొకటి యెక్కడనుండి వచ్చినది, ఎక్కడికి పోవుచున్నది యని ఎందఱు పిల్లలకు దెలియును? ఎనిమిది యైదులు పదుమూడు, మూడు వేసి చేతిలో నొకటి, అని వల్లించు బాలునకు ఆ యొకటి పదియని తోచదు. బిళ్లను తనచేతితో క్రిందిగీతనుండి పైగీతకు జరిపిన బాలునకు స్థానవిలువను వేఱుగా బోధింప నక్కఱలేదు. వాని వ్రేళ్లకే యది తెలియును. ఖాళీగా నున్న గీతను చూచినవానికి సున్న యెందుకో విడిగా చెప్పవలసినపని లేదు. గీతలతో నారంభించినవారు, కలముతో నారంభించినవారికంటె లెక్కలో చురుకును నేర్పును గలవారగుదురని, పిల్లలకు చదువు చెప్పిన యనుభవమువలన తాను గ్రహించితినని రీస్ చెప్పుకొనెను. పాఠ్యపుస్తకములు వ్రాయువారు పండితుల నడిగి క్రమమును నిర్ణయించుట యెల్లచోటుల గలదు. పిల్లలను చూచి క్రమమును నిర్ణయించినవా డీయన. ఆయన కీర్తికి మొదటికారణ మిదియని మేము తలంచుచున్నాము.

రెండవకారణము భాష. 1522వ సంవత్సరముననే, సెప్టెంబరు నెలలో, మార్టిన్ లూథర్ అనువదించిన క్రొత్తనిబంధనము జర్మను భాషలో వెలువడెను. రెండుపుస్తకములకును సంబంధము లేదు. ఐనను కాలధర్మ మొక్కటే. పండితులభాషలో దాచబడియున్న దానిని ఇంటిభాషలోనికి దెచ్చుట యా కాలపు పని. రీస్ వాక్యములు చిన్నవి; బడిలో నోటితో చెప్పిన మాటలే కాగితముమీదికి వచ్చినట్లుండును. ఆ పుస్తకము గ్రంథకర్త జీవితకాలమునందును, తరువాతి శతాబ్దమునందును గలిపి నూటికిపైగా ముద్రణలు పొందెను. రోమను సంఖ్యలు క్రమముగా వ్యాపారపు పద్దులనుండి తొలగిపోవుటకు అట్టి పుస్తకములే ముఖ్యకారణములు.

ఆయన యుదాహరణములుకూడ నింటికిని అంగడికిని సంబంధించినవే. బట్టలు, మిరియములు, వెండి, పశువులు, నాణెముల మారకము, పాలివాండ్ర లాభము, వీనిచుట్టునే లెక్కలు తిరుగును. వీనికెల్ల మూలస్తంభము త్రైరాశికము. ఈ పేరు మనవారికి క్రొత్తగాదు. ఆర్యభటుడు 499లోనే దానిని చెప్పెను. భాస్కరాచార్యుని లీలావతిలో దానికి ప్రధానస్థానము గలదు. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ యని మనవారు మూడు రాశులకు పేళ్లిడిరి. రీస్ పుస్తకము చదువునపుడు సంస్కృతగణితము నెఱిగినవానికి పరాయియింట నడుగిడినట్లు తోచదు. చిరకాలము క్రిందట వలసపోయిన బంధువు నింట నడుగిడినట్లు తోచును. నూఱు గుల్డెనుల ధనముతో ఎద్దులు, పందులు, దూడలు, మేకలు కలిపి నూఱు పశువులను కొనవలెనని రీస్ ఒక లెక్కలో నడుగును. నూఱు పణములకు నూఱు పక్షులను కొనుమని మహావీరాచార్యుడు 9వ శతాబ్దముననే యడిగెను. ఆ మహావీరుని గణితసారసంగ్రహమును మన పావులూరి మల్లన తెనుగుపద్యములలోనికి దెచ్చెను. గణితమును దేశభాషలో చెప్పవలెనను సంకల్పము మనకును పూర్వమునుండి గలదని చూపుటకే యీ మాట చెప్పితిమి.

ఇంతవఱకు స్తుతి. ఇక దోషములను విచారింతము. రీస్ లెక్కలలో నొకదానిని గైకొందము. స్త్రీపురుషులు కలిసి 21 మంది పానశాలలో 81 ఫెన్నిగ్ నాణెముల వ్యయము చేసిరి. పురుషుడు 5, స్త్రీ 3 నాణెముల చొప్పున నీయవలెను. పురుషు లెందఱు, స్త్రీ లెందఱు? మద్యపానపు లెక్క బడిపుస్తకమున నేల యని మన చదువరులు కోపింపవచ్చును. అది యా దేశాచారము గనుక దానినట్లుంచెదము. విధానము మిక్కిలి సులభము. 21ని 3చే గుణింపుము, 63 వచ్చును. దానిని 81లో దీసివేయుము, 18 మిగులును. 5కును 3కును గల భేదము 2. 18ని 2చే భాగింపుము, 9. పురుషులు 9 మంది, తక్కిన 12 మంది స్త్రీలు. సరిచూచినచో 45ను 36ను గలిసి 81 అగును. లెక్క సరిపోయినది.

కాని యిట్లేల చేయవలెను? పుస్తకము చెప్పదు. ప్రశ్న వేయుట, ఇట్లు చేయుమని విధించుట, ఉత్తరము చూపుట, ఇదియే ఆయన రీతి. కారణము చెప్పుటకు రెండువాక్యములు చాలును. అందఱును స్త్రీలే యనుకొన్నచో 63 నాణెములే రావలెను. 18 ఎక్కువ వచ్చినవి. ఒక్కొక్క స్త్రీకి బదులు పురుషు డున్నప్పుడెల్ల 2 ఎక్కువ వచ్చును గనుక, అట్లు మారినవారు 9 మంది. ఈ రెండువాక్యములు విన్న బాలుడు, మఱునాడు ఆవులను మేకలను గూర్చి యడిగినను చెప్పగలడు. వినని బాలుడు పానశాల లెక్కను పానశాల లెక్కగానే నేర్చుకొనును. విధానము మఱచిన దినమున వానికి సర్వశూన్యము.

ఫలితమును సరిచూచుకొనుట కాయన చెప్పిన యుపాయములలో తొమ్మిదుల శోధన యొకటి. సంఖ్యలోని అంకెలను గూడి తొమ్మిదులను త్రోసివేసి, మిగిలినవానిని పోల్చుట యది. అదియు మన పూర్వు లెఱిగినదే. తొందరలోనున్న వర్తకునకు మేలైనదే. కాని 54 వ్రాయవలసినచోట 45 వ్రాసినవాని తప్పు నది పట్టుకొనలేదు. రెండింటను తొమ్మిదులు పోగా శేషము లేదు. శోధన యేల పనిచేయునో తెలిసినవానికి, అది యెచ్చట పనిచేయదో యూహింపనగును. తెలియనివాడు శోధన కుదిరినదని నిశ్చింతగా మోసపోవును. కారణము నెఱుగక విధిని నమ్ముటలోని యపాయ మిట్టిది. ఇది లెక్కలకే పరిమితము గాదని మేము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ లోపము రీస్ అజ్ఞానమువలన గలిగినది కాదు. 1524లో ఆయన బీజగణితముమీద నొక గ్రంథమును రచించి, మిత్రుడగు ష్టూర్ట్స్ వైద్యుని కంకితము చేసెను. దాని పేరు కోస్. ఇటాలియను భాషలో వస్తువను నర్థముగల శబ్దమునుండి యా పేరు వచ్చినది. తెలియని రాశిని వారు వస్తు వని వ్యవహరించిరి. మనవారు దానినే యావత్తావత్తనియు, అట్టివి పెక్కు లున్నచో కాలకము, నీలకము, పీతకమని రంగుల పేళ్లతోను వ్యవహరించిరి. బడిపుస్తకమున విడివిడి విధులుగా నున్న లెక్కలకు ఒక్కటే మూలము గలదని బోధింపగల విద్య యిది. కాని ఆ గ్రంథము రీస్ జీవితకాలమున నచ్చుపడలేదు. వ్రాతప్రతిగా శతాబ్దములు నిలిచి, ఆయన యైదువందలవ జయంతి సంవత్సరమగు 1992లో మాత్రమే ప్రతిరూపముద్రణము పొందెను. విధులను జెప్పిన పుస్తకము నూఱుసార్లు అచ్చుపడెను. విధులకు మూలమును జూపు పుస్తకము పెట్టెలో నుండిపోయెను. 1550లో వెలువడిన మూడవ లెక్కలపుస్తకము విపులమైనదే. అదియు జిరకాలము వ్రాతప్రతిగా నుండి, ప్రభువు సాహాయ్యమున నచ్చెక్కినది. పెద్దపుస్తకమునకు పెద్దవ్యయము, చిన్నపుస్తకమును కొనువారే పెక్కుమంది. కావున దోషము గ్రంథకర్తది కొంత, అంగడిది కొంత.

ఇచ్చట మన దేశపు సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1545లో, అనగా రీస్ మూడవపుస్తకమునకు ఐదేండ్లు ముందు, పశ్చిమతీరమందలి నందిగ్రామమున గణేశదైవజ్ఞుడు లీలావతికి బుద్ధివిలాసిని యను వ్యాఖ్యను రచించెను. భాస్కరుని సూత్రములును విధులే. ఇట్లేలయని యవి చెప్పవు. గణేశు డా సూత్రములకు ఉపపత్తులను జెప్పెను. ఏకకాలమున జీవించిన యీ యిరువురును ఒండొరుల నెఱుగరు. గణేశునియొద్ద కారణము గలదు. కాని సంస్కృతము రాని కాపునకును కోమటికిని ఆ కారణ మందలేదు. రీసునొద్ద ఇంటిభాష గలదు. కాని కారణము లేదు. ఒకచోట దీపమున్నది, త్రోవ లేదు. మఱియొకచోట త్రోవయున్నది, దీపము లేదు. పాఠ్యపుస్తకమునకు రెండును గావలెను. ఇట్టి రెంటిని గలిపి యొక్క చిన్నపుస్తకమున నిముడ్చుట సులభము గాదని మేమెఱుగుదుము. ఐనను పాఠ్యపుస్తకమును తూచునపుడు తూనికరాయి యిదియే కావలెను.

ఈ తూనికలో రీస్ తక్కువ తూగునా? ఆయన రచించిన యింకొక చిన్నపుస్తకమును జెప్పినగాని తీర్పు పూర్తికాదు. అన్నాబెర్గ్ పట్టణసభవారు కోరగా నాయన రొట్టెల తూకమునుగూర్చి పట్టికలు గుణించెను. అవి 1533 నాటివి; 1536లో లైప్జిగ్ నందు అచ్చుపడినవి. ఆ కాలమున రొట్టె వెల మారెడిది కాదు, తూకము మారెడిది. ఒక నాణెపు రొట్టె ఎప్పుడును ఒక నాణెపు రొట్టెయే. ధాన్యము ప్రియమైనప్పుడు రొట్టె చిన్నదగును, చౌకయైనప్పుడు పెద్దదగును. ధర రెట్టింపైనచో తూకము సగము కావలెను. మన గణితములో వ్యస్తత్రైరాశిక మనునది యిదియే. చెప్పుటకు సులభము. కాని ధాన్యము ధర మూడవవంతు పెరిగినప్పుడు రొట్టె యెంత తగ్గవలెను? మూడవవంతని తోచును, నిజమునకు నాలుగవవంతు మాత్రమే. ఈ రెండింటి నడిమి భేదము రొట్టెవాని సంచిలో బడును. పేదవాని బిడ్డల విస్తరినుండి పోవును. రొట్టెవాడు దొంగ కానక్కఱలేదు; కొనువానికి లెక్క రాకున్న జాలును.

గనులపట్టణమున పొలములు తక్కువ. ధాన్యము బయటినుండి రావలెను. కూలివాడు దినదినము రొట్టెను కొని తినవలెను. ధర యింతయైనప్పుడు రొట్టె యింత తూగవలెనని రీస్ వరుసగా గుణించి యిచ్చెను. బీదవాడు రొట్టె కొనుటలో మోసపోకుండుట తన యుద్దేశ మని యాయన స్పష్టముగా జెప్పెను. పట్టిక యుండగా వాదముతో పని లేదు. రొట్టెను త్రాసులో వేసి పట్టికను చూచినచో సరి. గణితము ధర్మమునకు దోడ్పడుట కింతకంటె స్పష్టమైన దృష్టాంతము మే మెఱుగము. ప్రభువు కొలువులో నుండి వెండిని లెక్కించిన చేతితోనే కూలివాని రొట్టెను లెక్కించిన మహానుభావు డీయన.

కావున మా తీర్పు ఇది. రీస్ కీర్తి యర్హమైనదే. అది సిద్ధాంతకర్త కీర్తి గాదు. సోపానము కట్టినవాని కీర్తి. పిల్లలను చూచి క్రమ మేర్పఱిచెను, ఇంటిభాషలో చెప్పెను, లెక్కను న్యాయమునకు సేవకురాలిని జేసెను. ఈ మూడును ఘనకార్యములు. కారణమును జెప్పకపోవుట దోషమే. ఐనను నిచ్చెన మొదటిమెట్టు వేసినవానిని, పైమెట్లు వేయలేదని నిందించుటకంటె, ఆ తరువాత నూఱేండ్లు ఆ మొదటిమెట్టునే మరల మరల నచ్చువేసి యదియే మేడ యనుకొన్న యుపాధ్యాయులను నిందించుట న్యాయము. మంచి పాఠ్యపుస్తకమునకు గలుగు గొప్పయాపద యిదియే. అది బాగుగా నున్నదని యెవ్వరును దానిని దాటిపోరు.

మన వీధిబడులలో ఎక్కములు వల్లించి, మణుగులను వీసెలను నోటనే తేల్చిన పెద్దలను చూచి మన మాశ్చర్యపడియున్నాము. ఆ ధారణ మెచ్చదగినదే. దానిని పోగొట్టుకొన గూడదు. కాని యెక్కము నప్పగించిన పిల్లవానిని, ఏడెనిమిదు లేబదియాఱు అనగా నేమి, గింజలు పేర్చి చూపుమని యడిగిన యిండ్లెన్ని? మన చదువరులలో తలిదండ్రు లనేకు లున్నారు. వారిని మేము కోరున దొక్కటే. సాయంకాలమున పిల్లలు లెక్క చేసి ఉత్తరము చూపునపుడు, ఉత్తరము సరియైనదా యని చూచి యూరకొనక, ఇట్లేల చేసితివని యొక్కమా టడుగుడు. ఆడపిల్లల నడుగుట మఱవకుడు. ఇంటి పద్దు రేపు వారి చేతిలోనిదే. వారు చెప్పలేకపోయినచో చింతపిక్కలు తెచ్చి నేలమీద గీతలు గీయుడు. దానికి పుస్తకముతోడను పంతులుతోడను పని లేదు.